హ్యూబీ చావింట్లో సమగ్ర కవితలు

డింప్నా గిల్‌హూలీని ఇద్దరు మగవాళ్ళు అడిగారు. ఒకడు పొలం ఇస్తావా అని, రెండోవాడు క్యారిక్ పట్నానికి దారి ఎటు అని. ఇద్దరికీ మర్యాదగానే జవాబు చెప్పి పంపించింది. పెళ్ళెందుకు చేసుకోలేదని డబ్లిన్ నుంచి వచ్చిన పత్రికలవాళ్ళు అడిగినప్పుడల్లా ఆమె ఈ మాటే చెప్పేది. వాళ్ళు బుద్ధిగా రాసుకుని వెళ్ళేవాళ్ళు. అచ్చులో మాత్రం 'ఏకాంతాన్ని ఎంచుకున్న కవయిత్రి' అని వచ్చేది. ఏకాంతమట. కొట్టం నిండా ఆవులు, చూపు పోయిన కుక్క, కంచె అవతల డీలియా మెక్‌గోల్డ్రిక్ ఉన్న మనిషికి ఏకాంతం ఎక్కడ ఏడ్చిందో ఆ రాసినవాళ్ళే చెప్పాలి.

చిత్తడి లీట్రిమ్ జిల్లాలో నేలను ఎకరాల్లో కాదు, బిందెల్లో కొలిచి అమ్ముతారని చుట్టుపక్కల జిల్లాలవాళ్ళ ఎగతాళి. డ్రమ్‌కీలన్ ఊళ్ళో గిల్‌హూలీల వాటాకు వచ్చింది ఆ బిందెల్లో మురికివి. తండ్రి పోయాక డింప్నా పాలకేంద్రం ఆఫీసులో పనిచేస్తూ, తల్లిని చూసుకుంటూ, ఆవులు పితుకుతూ బతికింది. కవితలన్నీ పాలు పితికేటప్పుడు కట్టినవే. ఆవు కదలకుండా నిలబడితే కవిత పొడుగు, తన్నితే పొట్టి. 'పంక్తులను ఇంత పొదుపుగా ఎలా వాడతారు?' అని ఒకసారి రేడియోలో అడిగితే, "అది మా గోధుమరంగు ఆవు గొప్పతనం" అంది. వినయమనుకున్నారు. ఉన్న మాట చెప్పిందని ఎవరూ నమ్మలేదు.

మొదటి పుస్తకం వచ్చినప్పుడు ఊరు ఊరంతా కొన్నది. కవిత్వం కోసం కాదు, అందులో తాము ఉన్నామేమోనని. లేరు. ఉన్నవన్నీ కొంగలు. కొంగ ఎగరడం, కొంగ దిగడం, కొంగ ఊరికే నిలబడటం. డీలియా కంచె దగ్గరకొచ్చి పుస్తకం తిరిగిచ్చేసింది.

"చివరిదాకా తిప్పానే. ఒక్క మనిషి లేడు. కొంగలు మా బురదలోనూ ఉన్నాయి, వాటిని చూడటానికి డబ్బులెందుకు?"

ఆ మాట డింప్నాకు మేకులా దిగింది. రెండో పుస్తకం నుంచి కొంగలను తగ్గించి మనుషులను పెట్టింది. సంతలో బేరాలాడేవాళ్ళు, చర్చి గోడకు ఆనుకుని ప్రార్థన అయ్యేదాకా పొగ తాగే మగవాళ్ళు, పెళ్ళిలో ఏడ్చే పెద్దమ్మలు, పేర్లు లేకుండా ఊరంతా అందులోకి వచ్చి కూర్చుంది. అప్పటికే ఊరు ఆమె పుస్తకాలు కొనడం మానేసింది. కొంగలున్నప్పుడు చదివారు, తామున్నప్పుడు చదవలేదు. దీన్నే ఖర్మ అంటారు.

డబ్లిన్‌లో మాత్రం పేరొచ్చింది. మరీ పెద్ద పేరు కాదు. సభల్లో మూడోవరసలో కూర్చోబెట్టేంత. ఒక ప్రొఫెసరు ఆమె కవితల్లో కురిసే వాన మామూలు వాన కాదనీ, అది ఐర్లండు చరిత్రంతా కార్చిన కన్నీరనీ రాశాడు. అది చదివాక డింప్నాకు తల కాస్త తిరిగిందనే చెప్పాలి. అక్కడి నుంచి ఆమె కవితల్లో వాన మరీ ఎక్కువైంది. కురవని రోజున కూడా కురిపించింది. లీట్రిమ్‌లో కురవని రోజు దొరకడమే అబ్బురం, దొరికిన ఆ ఒక్కదాన్ని కూడా తడిపేసింది.

డీలియాది, ఆమెది చిన్నప్పుడు బడిలో ఒకే బల్ల. మనిషి పొడగరి, కండ గలది, మాట కత్తి. ఎప్పుడు ఎదురుపడినా దగ్గు గురించి అడిగినట్టు అడిగేది.

"ఏమే, ఇంకా ఆ కవితలు తగ్గలేదా?"

"లేదే. ఛాతీలోకి దిగినట్టున్నాయి."

"వయసు మీద పడుతోంది. జాగ్రత్త."

అంతే. ఏళ్ళ తరబడి డింప్నా కవిత్వం మీద ఆ ఊళ్ళో వెలువడిన విమర్శ అంతా అదే. పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత ఉంది కదా. డింప్నా తనకు తాను ఇంకో మాట కలుపుకునేది: మందుకు సరే, కనీసం బట్టలారేసుకోవడానికైనా పనికొస్తే బాగుండునని.

డెబ్బై దాటి ఎనభైకి దగ్గర పడుతుండగా డబ్లిన్ ప్రచురణకర్త కోర్మాక్ ఆమె సమగ్ర కవితలు వేస్తానన్నాడు. లావుపాటి పుస్తకం, నల్ల గుడ్డ అట్ట. కుర్రతనం వదలని మనిషి, మెడలో ఎప్పుడూ ఉన్ని మఫ్లరు. డబ్లిన్‌లో మంచి హాలు చూశాననీ, వైను పోయిద్దామనీ, మంత్రిగారిని పిలుద్దామనీ అన్నాడు. డింప్నా ససేమిరా అంది.

"మా ఊరి హాల్లోనే పెట్టు."

"ఎంతమంది వస్తారు డింప్నా గారూ?"

"టీ ఇస్తే అందరూ వస్తారు. హామ్ శాండ్విచ్‌లు కూడా ఇస్తే పక్క ఊరివాళ్ళు కూడా వస్తారు."

మాట వేళాకోళంగానే అంది గానీ లోపల వేళాకోళం లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆమె రచ్చలో మూడోవరసదాకా వెళ్ళింది, ఇంట్లో గుమ్మం కూడా దాటలేదు. ఇక ఇంకో పుస్తకం రాదు. చచ్చేలోపు ఒక్కసారి తనవాళ్ళు కుర్చీల్లో కూర్చుని, తను రాసింది తన నోటితో చదువుతుంటే వినాలి. మెచ్చుకోకపోయినా ఫరవాలేదు. దగ్గినా ఫరవాలేదు. వినాలి. ఈ ఆశ ఎవరికీ చెప్పలేదు, చెబితే డీలియా వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తుందని భయం.

హాలు తాళం డీలియా మొగుడు హ్యూబీ దగ్గర ఉండేది. హ్యూబీ పొట్టివాడు, పెళ్ళాం భుజం దాకా వస్తాడు. నిచ్చెన వేసుకుని తాళి కట్టాడని మన వైపు అంటామే, అలాంటి మాటలే వాళ్ళ వైపూ అన్నారు. కిక్కురుమనకుండా బతికిన మనిషి. డింప్నా తాళం అడగడానికి వెళ్తే, "కుర్చీలు నేను వేస్తాలే" అన్నాడు. అన్నట్టే మంగళవారమే వేసేశాడు. వెనక గోడ దాకా వేశాడు పాపం. శాండ్విచ్‌ల బాధ్యత డీలియా తీసుకుంది. కార్యక్రమం శుక్రవారం సాయంత్రం.

బుధవారం పొద్దున హ్యూబీ కోళ్ళగూడు దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ఊరి దుకాణం నడిపే గ్రెట్టా ఫోను చేసి చెప్పింది. మొట్టమొదట డింప్నా మనసులోకి వచ్చిన మాట 'శనివారం దాకా ఆగకూడదా హ్యూబీ' అని. వెంటనే లెంపలు వేసుకుంది. "ఛీ, ఏం మనిషినే నేను. కవయిత్రినట. సున్నితహృదయమట" అని కుక్కతో అంది. కుక్కకు చూపు లేకపోయినా చెవులు బాగానే ఉన్నాయి, తోక ఆడించలేదు.

గురువారం పొద్దున స్థానిక రేడియోలో చావు కబుర్లు చదివారు. ఆ జిల్లాలో వాతావరణం వినకపోయినా వాటిని వినని ఇల్లు లేదు. హ్యూబర్ట్ మెక్‌గోల్డ్రిక్ భౌతికకాయం శుక్రవారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా స్వగృహంలో ఉంటుందని చెప్పి, ఆ గొంతుతోనే, ఊపిరి కూడా తీసుకోకుండా, డ్రమ్‌కీలన్ హాల్లో శుక్రవారం సాయంత్రం కవితా సంపుటి ఆవిష్కరణ అని చదివారు. ఆ ఊళ్ళో పెళ్ళి తప్పినా క్షమిస్తారు, చావింటికి వెళ్ళకపోతే మనవల కాలం దాకా గుర్తుపెట్టుకుంటారు. ఇక ఎవరు ఎటు వెళ్తారో జ్యోతిష్యం అడగక్కర్లేదు.

వాయిదా వేద్దామంటే కోర్మాక్ పుస్తకాల పెట్టెలతో అప్పటికే బయల్దేరాడు. శుక్రవారం సాయంత్రం హాల్లో ఇద్దరే కూర్చున్నారు. ఎదురుగా హ్యూబీ వేసిన కుర్చీలు, వెనక గోడ దాకా. కిటికీలోంచి చూస్తే మెక్‌గోల్డ్రిక్‌ల ఇంటివైపు కార్లు బారులు తీరి వెళ్తున్నాయి.

"ఇంకాసేపు చూద్దామా?" అన్నాడు కోర్మాక్.

"ఎవరిని నాయనా? జనమంతా అక్కడున్నారు. నేనూ అక్కడుండాలి. లే."

పుస్తకం మీద పైకవరు ఉండేది. దాని మీద డింప్నా ఫోటో, కప్పను మింగిన కొంగలా. పాత పాపం ఊరికే పోతుందా. ఆమె ఆ కవరు పీకి సంచిలో కుక్కేసింది. నల్ల అట్టతో మిగిలిన ఆ ప్రతిలో, ఆమె సంతకాలు చెయ్యడానికి కోర్మాక్ తెచ్చిన మంచి పెన్ను పెట్టి, చంకలో ఇరికించుకుని నడిచింది. ఎందుకు పట్టుకెళ్ళిందో ఆమెకే తెలీదు. హాల్లో వదిలెయ్యడానికి చెయ్యి రాలేదంతే.

చావింటి వాకిట్లో మగవాళ్ళు, నడవలో ఆడవాళ్ళు, ముందుగదిలో శవపేటిక. లోపలికి వెళ్ళాలంటే రెండు చేతులూ కావాలి, ఒకటి కరచాలనాలకు, ఒకటి జనాన్ని తప్పించుకోవడానికి. డింప్నా పుస్తకాన్ని నడవలో ఉన్న చిన్న బల్లమీద, కొవ్వొత్తి పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది. హ్యూబీ సూటు వేసుకుని, చేతుల్లో జపమాలతో, ఎప్పటికన్నా కాస్త పొడుగ్గా కనిపించాడు. ఆమె అతని చేతిని తాకింది. చల్లగా ఉంది. కుర్చీలు వేసిన చెయ్యి.

"నీకొచ్చిన కష్టానికి విచారిస్తున్నాను డీలియా."

"నీ ఫంక్షను పాడుచేశాడే," అంది డీలియా. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "బతికినన్నాళ్ళూ ఎవరికీ అడ్డం రాని మనిషి."

"ఊరుకోవే. ఆ కొంగల కోసం ఎవరొచ్చేవాళ్ళు."

"శాండ్విచ్‌లు నీకోసం చేసినవే. ఆయన కోసం వచ్చినవాళ్ళకే పెట్టేశాను."

"మంచి పని చేశావ్."

ఇద్దరూ ఒకళ్ళ చేయి ఒకళ్ళు పట్టుకుని కాసేపు నిలబడ్డారు. తర్వాత ఎవరో డింప్నా చేతికి టీ కెటిలు ఇచ్చి వంటింట్లోకి తోశారు. చావింట్లో పక్కింటివాళ్ళకు దుఃఖపడే తీరిక ఉండదు.

చాలాసేపటికి కప్పులు ఏరడానికి నడవలోకి వస్తే బల్ల దగ్గర వరస కనిపించింది. వాకిట్లో నుంచి మొదలై బల్లదాకా. ఒక్కొక్కరే వంగి, పెన్ను తీసుకుని, ఏదో రాసి, శిలువ గుర్తు వేసుకుని ముందుకెళ్తున్నారు. చావింటి గుమ్మంలో సంతాప పుస్తకం పెడతారు, వచ్చినవాళ్ళు అందులో పేరు రాస్తారు. నల్ల అట్ట, లావుపాటి పుస్తకం, పక్కన కొవ్వొత్తి, లోపల మంచి పెన్ను. అసలు సంతాప పుస్తకం శవపేటికల వ్యాపారి తన కారులోనే మరిచిపోయాడని ఆ తర్వాత తెలిసింది. అప్పటికి ఊరంతా డింప్నా సమగ్ర కవితల్లో సంతకాలు చేస్తోంది.

ముందున్న ఖాళీ పేజీలు ఎప్పుడో నిండిపోయాయి. జనం మార్జిన్లలోకి దిగారు.

"ఇందులో ముందే ఏదో అచ్చేశారే," అన్నాడు ఒక ముసలాయన.

"ప్రార్థనలు. ఈ మధ్య ఇలాగే ఇస్తున్నారు," అంది గ్రెట్టా.

"ఇంత పొడుగు ప్రార్థనలా? ఇవన్నీ చదివేసరికి చచ్చినవాడు లేచి కూర్చుంటాడు."

"నేను ఆవు మీద ప్రార్థన పక్కన చేశాను సంతకం," అంది గ్రెట్టా.

కోర్మాక్ ముఖం సున్నంలా తెల్లబడింది. నోరు తెరవబోతే డింప్నా అతని మఫ్లరు పట్టుకుని వంటింట్లోకి లాగింది.

"డింప్నా గారూ, అది మీ జీవితకాలపు..."

"నోర్ముయ్ నాయనా. పుట్టి బుద్ధెరిగాక నా పుస్తకం కోసం జనం వరసలో నిలబడటం ఇదే మొదలు. చెడగొట్టావంటే ఊరుకోను."

నవ్వు ఆపుకోలేక కెటిలు పొయ్యి మీద పెట్టి, గోడవైపు తిరిగి నిలబడింది. నవ్వులోనే కళ్ళు చెమ్మగిల్లాయి. రచయిత పాఠకులకు సంతకం చేసివ్వడం లోకాచారం. పాఠకులే రచయిత పుస్తకంలో సంతకాలు చేసి, 'మీకొచ్చిన కష్టానికి విచారిస్తున్నాం' అని రాసి వెళ్ళడం ఆమె ఒక్కదానికే జరిగింది. ఆ మాట కవితల పక్కన పెట్టి చూస్తే తప్పు కూడా కాదనిపించింది.

శనివారం హ్యూబీని పూడ్చాక ఆమె మెల్లగా కదిపింది. "డీలియా, ఆ నల్ల పుస్తకం..."

"అది నా దగ్గరే ఉంటుంది. ఊరంతా ఉంది అందులో."

డింప్నా తలూపి వచ్చేసింది. మొగుణ్ణి పూడ్చిన మనిషితో కాపీరైటు గురించి మాట్లాడతామా? కోర్మాక్ ఒక పెట్టె గ్రెట్టా దుకాణంలో అమ్మకానికి పెట్టి, మిగతావి తీసుకుని డబ్లిన్ వెళ్ళిపోయాడు.

చనిపోయిన నెలకు ఆత్మశాంతికి చర్చిలో పూజ చేయిస్తారు. ఆ నెల పూజకు ముందు వారం డీలియా కంచె మీంచి పిలిచింది.

"ఒకసారి రావే. టీ పెట్టాను."

వంటింటి బల్ల మీద నల్ల పుస్తకం, మీద కళ్ళజోడు. డీలియా టీ పోసి, కూర్చుని, పుస్తకం మీద చెయ్యి వేసింది.

"రోజూ టీ తాగేటప్పుడు పేర్లు చూసుకుంటున్నాను. ఎవరెవరొచ్చారో అని. కొందరు అచ్చక్షరాలకు ఆనించి రాశారు. పేరు చదువుతుంటే కన్ను పక్కకు పోతుంది కదా."

డింప్నా కప్పు కింద పెట్టేసింది.

"నీదని రెండో రోజే తెలిసింది. కొంగలున్నాయి." డీలియా కళ్ళజోడు పెట్టుకుని గ్రెట్టా సంతకం ఉన్న పేజీ తీసింది. ఆవు మీద ప్రార్థన. నిజానికి ఆవు మొదటి పంక్తిలో మాత్రమే ఉంది, కంచె గండి దగ్గర ఆవుతో నిలబడి తను చూసింది అని. తర్వాత అంతా ఆవు చూడని సంగతి. "ఇది మేమే కదే?"

"మీరే."

"బాట పక్క పొలంలో. పెళ్ళైన కొత్తలో. పూజకు వెళ్తూ."

"ఆవు తప్పించుకుంటే వెతుక్కుంటూ వచ్చాను. గండి దగ్గర ఉన్నాను."

"మమ్మల్ని ఎవరూ చూడలేదనుకున్నాం." డీలియా పేజీ మీంచి తల ఎత్తలేదు. "ఆయన సిగ్గుపడేవాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. పొట్టివాణ్ణి ఊరు ఇంకా ఎగతాళి చేస్తుందని. నేనూ చెప్పలేదు. ఇప్పుడు ఆయన పోయాడు, ఇక ఆ సంగతి నా ఒక్కదానికే తెలుసు, నేనూ పోతే అది జరగనట్టే అనుకుంటూ పడుకునేదాన్ని. నువ్వు చూశావ్. ఇన్నేళ్ళూ పక్కింట్లో ఉండి ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్పాను డీలియా. అచ్చేసి చెప్పాను. మీరెవరూ చదవలేదు."

డీలియా ఆమె వంక చూసింది. కోపంగా మొదలైన చూపు కోపంగా మిగల్లేదు.

"సరే. ఇప్పుడు చదువు. నా కళ్ళు బాగాలేవు."

కళ్ళు బాగానే ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. డింప్నా పుస్తకం దగ్గరకు లాక్కుంది. పైన ఆవు ఉన్న పంక్తిని వదిలేసి మొదలుపెట్టింది.

'అంత మనిషిని ఇంత మనిషి మోస్తున్నాడు.
ఆమె చేతుల్లో ఆదివారపు జోళ్ళు.
పొలమంతా తడి.
చర్చి గంట రెండోసారి మోగింది.
అతను నడక పెంచలేదు.
ఆమె పెంచమనలేదు.'

"ఆ. అంతే," అంది డీలియా. చెంపలు తడిసిపోయాయి, తుడుచుకోలేదు. "ఆ తర్వాత వాన ఎందుకు పెట్టావ్? ఆ రోజు వాన లేదు. పొద్దుటి మంచు. వానైతే ఆయన వాళ్ళ మామ కారు అడిగి తెచ్చేవాడు."

"వాన... అది ఐర్లండు చరిత్ర."

"నా కాపురంలో ఐర్లండు చరిత్రకేం పని?"

డింప్నా కింది పంక్తులు చూసింది. ఒకటా రెండా, పేజీ చివరిదాకా వాన. ప్రొఫెసరు మెచ్చుకున్నది సరిగ్గా ఆ పంక్తులనే. ఇది కట్టిన రోజు ఆవు తన్ని ఉంటే ఎంత బాగుండేది. కోర్మాక్ పెన్ను ఇంకా పుస్తకంలోనే ఉంది. తీసి, వాన మొత్తాన్నీ కొట్టేసింది. ఇన్నేళ్ళ కెరీరులో ఆమె చేసిన ఒకే ఒక్క మంచి దిద్దుబాటు అది, చేయించింది బడిలో వ్యాసాలకు సున్నాలు తెచ్చుకున్న డీలియా.

"దీన్ని ఆయన కార్డు మీద వేయిస్తాను," అంది డీలియా. పోయినవాళ్ళ ఫోటోతో చిన్న కార్డులు వేయించి నెల పూజ నాడు పంచుతారు. ఫోటో ఒకవైపు, నాలుగు మంచి మాటలు ఒకవైపు. "నీ పేరు వేయించనా?"

"కార్డు మీద చచ్చినవాళ్ళ పేరే ఉంటుందే. నేనింకా ఉన్నాను."

నెల పూజ అయ్యింది. కార్డులు పంచారు. రెండు వారాలు పోయాక డింప్నా పాల కోసం గ్రెట్టా దుకాణానికి వెళ్ళింది. ఆవులున్న మనిషికి పాలు కొనడమేమిటంటే, చలికాలంలో అవి వట్టిపోయాయి, కవితల్లాగే. గల్లాపెట్టె పక్కన హ్యూబీ కార్డు గుచ్చి ఉంది. వచ్చే దారిలో పోస్టుమాన్ కారు అద్దం మీద ఒకటి చూసింది. చర్చిలో ముసలమ్మల జపపుస్తకాల్లో చూసింది. పక్క ఊళ్ళో కూడా ఉన్నాయట, ఇంకా కావాలని అడుగుతున్నారట.

"డింప్నక్కా, నీ పెట్టె తీసుకెళ్తావా? క్రిస్మస్ సరుకు పెట్టాలి, చోటు చాలట్లేదు," అంది గ్రెట్టా, మొహమాటంగా. "ఒక్కటీ కదల్లేదు. ఏమీ అనుకోకు."

"అనుకోడానికేముందే. లావుగా ఉన్నాయి, వాటంతట అవి ఎలా కదుల్తాయి?"

గ్రెట్టా పెట్టె ఎత్తి బల్ల మీద పెట్టింది. వెళ్ళబోతూ ఆగి, గల్లాపెట్టె పక్కన కార్డును వేలితో తట్టింది.

"ఇది చదివావా? మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవని దాన్ని, ఇది చదివి ఈ గల్లా ముందే కూర్చుని ఏడ్చాను. నోటికొచ్చేసింది. 'అతను నడక పెంచలేదు, ఆమె పెంచమనలేదు.' ఎవరో ఫాదరు గారు రాసి ఉంటారు." ముక్కు తుడుచుకుంది. "మనసులో మాట చెబుతున్నాను, తప్పుగా అనుకోకు అక్కా. ఇన్ని రాశావు కదా. ఇలాంటిది ఒక్కటి రాయకూడదూ?"

డింప్నా కార్డు వంక చూసింది. హ్యూబీ ఫోటోలో కూడా సిగ్గుపడుతున్నాడు. పాలసీసా పెట్టెలో పుస్తకాల మీద పెట్టుకుని, పెట్టెను రెండు చేతులా ఎత్తుకుంది.

"అంత నాకెక్కడ చేతనవుతుందే," అని, ఆ బరువుతోనే నవ్వుకుంటూ బయటికి నడిచింది.